నెర్రె మీద పూసిన మట్టి

ఇరవై ఎనిమిదేళ్లుగా ఒక ఆడమనిషి మీద వేసిన నిందను మోస్తున్నాను. ఆమె పోయింది. నింద మాత్రం పోలేదు. దాన్ని వేసింది నేనే. ఈ మాట ఇంతవరకు ఎవరితోనూ అనలేదు. నువ్వెవరో నాకు తెలియదు, నేనెవరో నీకు తెలియనక్కర్లేదు. అందుకే నీతో చెప్పగలుగుతున్నాను.

ధాత కరువు దాటి ఈశ్వర సంవత్సరం నడుస్తున్న రోజులవి. వానలు మొదలయ్యాయి గానీ, వాన పడగానే గింజలు పండవు కదా. ఆత్మకూరు నుంచీ అనంతసాగరం నుంచీ సీతారామపురం మెట్టల నుంచీ జనం ఉదయగిరి కొండ కిందికి కరువు పనికి చేరారు. కొండ పక్కను తవ్వి, ఆ గరప మట్టి మోసి బాట వేయాలి. పని చేసిన రోజే జొన్నలు. పని ఆగితే ఆ రోజు పస్తే.

నాది తవ్వే పని కాదు. పొద్దున్నే అందరికంటే ముందు చరియ మీదికెక్కి, అది నిలిచేదీ లేనిదీ చూసి చెప్పాలి. మా నాయన బావులు తవ్వేవాడు. మట్టిని చూడటం ఆయన దగ్గరే నేర్చుకున్నాను. రెండేళ్ల ఎండలకు చరియ నెత్తిన నెర్రెలు విచ్చాయి, ఇప్పుడు వాన నీళ్లు వాటిలోకి దిగుతున్నాయి. సాయంత్రం నెర్రెకు అడ్డంగా బంకమట్టి పట్టీ మెత్తి వదిలేసేవాణ్ణి. తెల్లారి పట్టీ చీలి ఉంటే నేల కదిలిందని అర్థం. చీలకపోతే ఆ రోజుకు భయం లేదు.

ఒక రోజు పట్టీ చీలింది. పని ఆపించాను. పొద్దుగూకేదాకా ఒక్క గడ్డ కూడా రాలలేదు. పట్టీ ఎండకు పగిలిందో, నేల లాగితే పగిలిందో నాకు ఇప్పటికీ తెలియదు. వందల మంది పస్తున్నారు. మర్నాటికి ఒక ముసలాయన ప్రాణం వదిలాడు. ఆ పూట గింజలు దొరికితే బతికేవాడా? ఏమో. జనం మాత్రం నన్నే అన్నారు. అందరికంటే గట్టిగా తిట్టింది మాలకొండమ్మ. మూడేళ్ల కూతురు ఆమె చంకలో ఉంది, మొగుడు పెంచలయ్య జ్వరంతో గుడిసెలో పడి ఉన్నాడు. మట్టి తిని బతకమంటావా అని నా మొహం మీదే అడిగింది. 

రెండు రోజుల తర్వాత, సాయంత్రం వాన కురిసి వెలిసిన మర్నాడు, మళ్లీ చరియ ఎక్కాను. పట్టీ నడిమికి చీలి ఉంది. సందులో వేలు పెడితే దూరింది. ఈసారి అనుమానం లేదు. మట్టి తడిగానే ఉంది, ఎండకు పగిలే వీలే లేదు. నేల కదిలింది. కిందికి చూశాను. జనం అప్పటికే తట్టలు పట్టుకుని నిలబడి నా వైపే చూస్తున్నారు. నేను కాస్త మట్టి తీసి ఆ చీలిక మీద బొటనవేలితో పూశాను.

ఎందుకు పూశాను? వాళ్ల ఆకలి చూడలేకనే అని చాలా ఏళ్లు నాకు నేను చెప్పుకున్నాను. అది అబద్ధం. వాళ్ల నోళ్లకు జడిసి పూశాను. ఇంకొక్క రోజు ఆ తిట్లు పడలేక, అంతమందిని ఆ చరియ కిందికి పంపాను.

దిగి వచ్చేసరికి మాలకొండమ్మ, బిడ్డను గుడిసెలో వదిలి, అందరికంటే ముందు ఒక్కతే వచ్చి నిలబడి ఉంది.

"పైన ఎట్లా ఉండాది అన్నా?"

"గట్టిగానే ఉండాది."

"మొన్న నోటికొచ్చినట్టు అన్నాను. బిడ్డ ఆకలికి ఏడస్తా ఉంటే పాణం నిలవలేదు. మనసులో పెట్టుకోబాక."

"పెట్టుకోలేదులే. ఆ మూలకి పో. అక్కడ మట్టి మెత్తగా ఉండాది, తట్ట తొందరగా నిండతాది."

అక్కడ మట్టి ఎందుకు మెత్తబడిందో నాకు తెలుసు. నెర్రె సరిగ్గా దాని పైనే ఉంది. మరి ఆ మాట ఎందుకన్నాను? మంచి చేద్దామనా? మొన్నటి తిట్టు లోపల మిగిలి ఉండబట్టా? ఎంత తరచి చూసుకున్నా తేలలేదు. తేలకపోవడమే నాకు ఎక్కువ భయం.

పొద్దు నడినెత్తికి రాకముందే చరియ జారింది. తక్కిన వాళ్లు పరిగెత్తి తప్పించుకున్నారు. ఆ మూల ఒక్కటే, మాలకొండమ్మతో సహా, పూడిపోయింది. మట్టి తీసేసరికి సాయంత్రమైంది.

విచారణకు గుర్రం మీద ఒక అధికారి వచ్చాడు. ఆయన అడగకముందే నేను నోరు తెరిచాను. ఆ మూలకు పోవద్దని ఆమెకు పొద్దునే చెప్పానని, తట్ట తొందరగా నింపుకుందామన్న ఆశతో ఆమె వినకుండా పోయిందని అన్నాను. పట్టీ చరియతో పాటే కూలిపోయింది. మా మాటలు విన్నవాళ్లు లేరు. ఆమె పేరు పక్కన అదే రాసుకుని ఆయన వెళ్లిపోయాడు.

జ్వరం తగ్గాక పెంచలయ్య కూతుర్ని ఎత్తుకుని నా దగ్గరికి వచ్చాడు. తన ఆడది మాట వినకుండా పోయి నాకు చెడ్డపేరు తెచ్చిందట. తప్పు మన్నించమని నా కాళ్లు పట్టుకున్నాడు. నేను పోనీలే అన్నాను. ఆయన్ని మన్నించి పంపాను.

ఆ తర్వాత ఏటా ఏదో పని పెట్టుకుని పెంచలయ్య ఊరు సీతారామపురం పోయేవాణ్ణి, ఈసారి చెప్పేద్దామని. ఆయన అరుగు మీద కూర్చుని మజ్జిగ తాగి తిరిగి వచ్చేవాణ్ణి. కూతురు పెద్దదై, ఆమెకూ బిడ్డలు పుట్టారు. మీ అవ్వ ఆశకు పోయి చచ్చిందని ఆమె వాళ్లకు బుద్ధి చెప్పడం నా చెవులతో విన్నాను. అప్పుడూ మజ్జిగ తాగుతూనే ఉన్నాను.

మొన్న ఆషాఢంలో పెంచలయ్య పోయాడు. పోయే దాకా పెళ్లాం మీద ఆ కోపం ఆయనకు తీరలేదు.

నన్ను క్షమించమని నిన్ను అడగను. అది నీ చేతిలో లేదు. ఇది రాశాక గుండె తేలికైందా అంటే, కొంచెం అయింది. ఆ కొంచెం తేలికకూ సిగ్గుగానే ఉంది. అయినా కొట్టివేయకుండా రాస్తున్నాను. మాలకొండమ్మను ఎవరూ పోవద్దనలేదు. ఆమె అడిగింది. నేను పొమ్మన్నాను.