కుళాయి గోడ మీద కాగితం

నా చిన్నప్పుడు మా వీధి మొత్తానికీ ఒకటే కుళాయి. పొద్దున్న గంటసేపే నీళ్లు వచ్చేవి. ఒకరోజు ఆ కుళాయి వెనక గోడకి ఎవరో కాగితం అంటించారు: ‘ఇంటికి రెండు బిందెలే.’ అప్పుడప్పుడే అక్షరాలు కూడబలుక్కుంటున్న నేను దాన్ని అందరికీ గొప్పగా చదివి వినిపించాను. ఆ గొప్ప ఇల్లు చేరేదాకానే. ఇంట్లో తొమ్మిది మందిమి, పైగా పచ్చి బాలింత మా పిన్ని. ఆ రెండు బిందెలూ చూసి మా అమ్మ చెంగుతో కళ్లు ఒత్తుకుంది.

నాకు ఒళ్లు మండింది. వెళ్లి చింపేస్తానన్నాను. మా తాతయ్య రెక్క పట్టుకుని ఆపాడు.

“చింపితే కాగితం పోతుందిరా, రూలు పోదు. కింద సంతకం ఎవరిది?”

ఎవరిదీ లేదు. పైవాళ్లెవరో పెట్టారనుకుని వీధంతా తలవంచింది!

తాతయ్య ఆ కాగితాన్ని నా చేతే ఊడదీయించి, ఇంటింటికీ తిప్పాడు. ప్రతి గడపలో నేను చదవాలి, వాళ్లకేం కావాలో అడగాలి, చెప్పింది పక్కన రాయాలి. చివరింటి ముసలమ్మ, “నాకొకటి చాల్లే నాయనా, రెండోది మీ బాలింతకి రాసుకో” అంది. వీధి మొదట్లో ఉండే మిల్లు మేస్త్రి మాత్రం కసిరాడు: “నేనే పెట్టా, ఏం? నాకు డ్యూటీ టైమైపోతుంటే మీరంతా గంగాళాలు నింపుకుంటారా?” తాతయ్య అదీ రాయమన్నాడు. నాకు మింగుడుపడలేదు. అయినా రాశాను.

సాయంత్రానికి ఆ కొట్టివేతల కాగితాన్ని తిరగరాశాం. మనుషుల్ని బట్టి బిందెలు, డ్యూటీకెళ్లేవాళ్లకు ముందు వంతు. కింద సంతకాలు, వేలిముద్రలు. మేస్త్రిదీ ఉంది. మర్నాడు మా అమ్మ నాలుగు బిందెలు తెచ్చుకుంది.

నా బడి చదువు అయిదో తరగతితో ఆగింది. ఇప్పుడు నేనుంటున్న ఈ పరాయి దేశపు పార్లమెంటులో బిల్లును మూడుసార్లు చదువుతారని తర్వాతెప్పుడో నాకు నేనే చదివి తెలుసుకున్నాను. మూడుసార్లేనా! మేం గడపగడపకీ చదివాం.

మొన్న ఇక్కడ మేముంటున్న గిరావీన్ పేటలో మా అపార్ట్‌మెంట్ లిఫ్టులో ఒక కాగితం వెలిసింది: బాల్కనీల్లో బట్టలు ఆరేయరాదు. అప్పట్నించీ మా ఆవిడ చీరలు గదిలోనే ఆరి ముక్కవాసన కొడుతున్నాయి. “ఇట్స్ ద రూల్, తాతయ్యా. జస్ట్ లీవ్ ఇట్” అంది మనవరాలు. కింద చూశాను. సంతకం లేదు.

చింపలేదు. మనవరాలి చేత ఫోటో తీయించి, జేబులో పెన్ను పెట్టుకుని, కింది అంతస్తులో మొదటి తలుపు తట్టాను. కోపం తగ్గి కాదు. ఇది రాసిన మనిషికీ ఏదో ఇబ్బంది ఉండే ఉంటుంది. ఆ తలుపూ తట్టి, అదీ రాసుకోవాలి.