తోడికోడలి చేతి అతుకు

మా ఇంట్లో వెల్డింగ్ నేర్చుకుంటానని మొదట నోరు విప్పింది నేనే. ఈ మాట ముందే చెప్పి పెట్టుకోవాలి. ఇప్పుడు ఆ సంగతి ఎవరికీ గుర్తు లేదు.

మాది సనత్‌నగర్‌లో గేట్లు, కిటికీ గ్రిల్స్ చేసే చిన్న షెడ్డు. మా ఆయన కొలతలు తీస్తాడు, ఇనుము కోస్తాడు, ఆర్డర్లు చూసుకుంటాడు. వెల్డింగంతా మా మరిది. పనికి పెట్టుకున్నవాళ్ళు నాలుగు నాళ్ళు చేసి పోతుంటారు. పైగా ఈమధ్య అపార్ట్‌మెంట్లు కట్టేవాళ్ళు, "మీలో సర్టిఫికెట్ ఉన్న వెల్డర్ ఎవరు?" అని అడగడం మొదలుపెట్టారు. మరిదికి పనితనం ఉంది గాని కాగితం లేదు.

ఒక రాత్రి అన్నాల దగ్గర, "నేను నేర్చుకుంట" అన్నాను. మా ఆయన నవ్వాడు. అత్తమ్మ నవ్వలేదు.

"నేర్చుకోనీరా, తప్పేమున్నది?" అంది.

నా మాటకు ఆ ఇంట్లో అంత విలువ దక్కడం అదే మొదలు. ఆ సంతోషం ముద్ద మింగేంతసేపు కూడా నిలవలేదు. వంటింట్లోంచి నా తోడికోడలు తొంగిచూసి, "అయితే నేనూ నేర్చుకుంటానక్కా" అంది.

తను భీమవరం వైపు పిల్ల. ఏదో కోచింగ్ కోసం వచ్చి ఎస్.ఆర్. నగర్ హాస్టల్‌లో ఉండేది. ఆ హాస్టల్ కిటికీలకు గ్రిల్ బిగించడానికి పోయిన మా మరిది ఆమెను చూసి, లేని పని కల్పించుకొని నాలుగుసార్లు పోయాడట. పెళ్ళయి వచ్చిన ఆర్నెల్లకే మా ఇంట్లో పప్పుచారు ఆమె చెప్పినట్టు కాగడం మొదలైంది. పదేళ్ళుగా నేను కాచినది ఎట్లా ఉండేదో ఎవరూ అడగలేదు.

ఇద్దరం కలిసి రెండు చోట్లా చూసి వచ్చాం. ప్రైవేటు ఇన్‌స్టిట్యూట్ అమీర్‌పేటలో, సాఫ్ట్‌వేర్ కోర్సుల బోర్డుల మధ్య మూడో అంతస్తులో ఉంది. ఏసీ గది. నిప్పురవ్వ లేకుండా తెర మీద చూస్తూ చెయ్యి తిప్పుకోవడం నేర్చుకునే మెషిన్. కౌంటర్ దగ్గరి అమ్మాయి నన్ను "మేడమ్" అంది. మూడు నెలల్లో పని చేతికి వచ్చేస్తుందంది.

సర్కారు ఐటీఐకి రెండు బస్సులు మారాలి. రేకుల షెడ్డు, పొగకు నల్లబడ్డ గోడలు, వంతు కోసం నిలబడ్డ పిల్లలు. ఏడాది కోర్సు. అక్కడి సార్ మా చేతులు చూసి, "మొదట ఆకురాయి పట్టుకొని ఇనుము రుద్దాలమ్మా. తర్వాతనే మంట" అన్నారు.

నా మనసు అమీర్‌పేట మూడో అంతస్తులోనే ఉండిపోయింది. కాని తీర్పు అత్తమ్మది. ఇద్దరికీ ప్రైవేటు ఫీజు కట్టడం మావల్ల కాదు.

"ఒకరు జల్ది నేర్చుకొని షాపుల నిలవడాలె. ఒకరు సర్కారు సర్టిఫికెట్ తేవాలె. చిన్నది చురుకు, మూడు నెలల్ల పట్టేస్తది. నీకు ఓపిక ఎక్కువ బిడ్డా, నువ్వు ఐటీఐకి పో."

ఓపిక అన్న మాట అంతకు ముందెన్నడూ నాకు తిట్టులా వినబడలేదు.

ఆ మూడు నెలలు నేను రగిలిపోతూనే ఉన్నాను. తనకు నీలం కోటు ఇచ్చారు. మంట వెలగగానే దానంతటదే నల్లబడే అద్దం ఉన్న హెల్మెట్ ఇచ్చారు. నేను ఒక చేత్తో నల్లద్దం ముఖానికి అడ్డం పెట్టుకొని, ఒక చేత్తో రాడ్ పట్టుకునేదాన్ని. అదీ ఆకురాయి పని అయ్యాకే. సాయంత్రాలు తను అత్తమ్మ పక్కన కూర్చొని ఫోన్‌లో ఫొటోలు చూపించేది.

"చూడండత్తయ్యా, ఇది నేనే వేశాను!"

"అబ్బో, మస్తున్నది బిడ్డా" అనేది అత్తమ్మ. నేను అరచేతిలో లేచిన బొబ్బల మీద కొబ్బరినూనె రాసుకుంటూ వినేదాన్ని. నా బొబ్బలకు ఎవరు ఫొటో తీస్తారు?

ఒకసారి తను స్నానానికి పోయినప్పుడు ఆ హెల్మెట్ పెట్టుకొని అద్దంలో చూసుకున్నాను. బాగానే ఉన్నాననిపించింది. దానితో కడుపుమంట ఇంకాస్త పెరిగింది.

కోర్సు అయిపోగానే తను షాపులో నిలబడింది. పంజాగుట్టలో ఒక ఇంటి బాల్కనీకి గ్రిల్ మొత్తం తనే చేసింది. అత్తమ్మ వాడలో అందరికీ చెప్పింది. నేను ఐటీఐ నుంచి వస్తూ, పని లేకపోయినా పంజాగుట్టలో బస్సు దిగాను. ఆ ఇంటివాళ్ళకు మా షాపు పేరు చెప్పి బాల్కనీలోకి పోయి, ఒక్కో అతుకు మీద వేలు పెట్టి తడిమి చూశాను. ఎక్కడైనా చిన్న చిల్లి, ఒక గడ్డ దొరకకపోతుందా అని. జడ అల్లినట్టు ఉన్నాయి అన్నీ. మంచినీళ్ళిస్తే తాగి వచ్చేశాను.

నా వంతు వచ్చింది ఒక ఆదివారం నాడు. ఆ పంజాగుట్ట ఇంటి పెద్దాయనే మేడ మీదికి పోయే ఇనుప మెట్లు చేయించుకుంటున్నారు. మరిది వేరే చోట పనిలో ఉన్నాడు. మా ఆయన మా ఇద్దరినీ తీసుకుపోయాడు. పైనుంచి వేసే అతుకులన్నీ తను వేసింది. ఇక మెట్ల కిందికి దూరి, తల ఎత్తి వేయాల్సినవి మిగిలాయి. తను వేయబోతే కరిగిన ఇనుము బొట్లు బొట్లుగా కిందికి రాలింది. రాడ్ అతుక్కుపోయింది. మళ్ళీ వేసింది, మళ్ళీ రాలింది.

హెల్మెట్ తీసి నా వైపు చూసింది. ముఖమంతా చెమట. "అక్కా, మాకు బల్ల మీద పెట్టి వేయడమే నేర్పారు."

ఆ మాట వింటే నాకు పాయసం తాగినట్టయింది. మా సార్ తల పైకెత్తి వేసే పని మాతో వారాల తరబడి చేయించారు, మెడలు పడిపోయేదాకా. "జర జరుగు చెల్లె" అని కిందికి దూరాను. అన్నీ వేసి బయటికి వచ్చాను. మా ఆయన సుత్తితో కొట్టి చూశాడు. కదల్లేదు. ఆయన కళ్ళలో ఆశ్చర్యం చూశాను.

అప్పుడు ఇంటి పెద్దాయన వంగి చూశారు. "గట్టిగానే ఉన్నాయండి. కాని పైన ఆ అమ్మాయి వేసినవి చూడండి, ఎంత ముచ్చటగా ఉన్నాయో! ఇవి కిందే కదా, ఎవరికీ కనబడవులెండి."

మర్నాడు తను గిన్నెలు తోముతూ, "అక్కా, నాకది నేర్పవా?" అంది. ఎట్లా కాదంటాను? షెడ్డులో రేకు ముక్కను తలకు పైగా కట్టి నేర్పాను. వారం తిరక్కముందే తను నాకంటే చక్కగా వేసింది. అన్నాళ్ళూ ఏసీ గది మీద, హెల్మెట్ మీద పడి ఏడ్చానుగాని, నేను ఓర్వలేనిది ఆ చేతిని అని ఆ షెడ్డులోనే తెలిసింది. చెయ్యి ఏ బడీ ఇవ్వదు.

ఏడాది తర్వాత నాకు సర్టిఫికెట్ వచ్చింది. నగరం అవతల ఒక ఫ్యాక్టరీలో వెల్డర్లు కావాలంటే ఇద్దరం పోయాం. తన ప్రైవేటు కాగితం అక్కడ చెల్లలేదు, తన చేతిపని వాళ్ళు చూడనేలేదు. నన్ను తీసుకున్నారు. తిరిగి వస్తుంటే బస్సులో తను కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

"నీది అదృష్టం అక్కా. అత్తయ్య నీ మీద నమ్మకంతో నిన్ను ఐటీఐకి పంపింది. నన్నేమో ఓపిక లేనిదని మూడు నెలలకు తోసేసింది."

నేను బిత్తరపోయాను. ఏడాదంతా తను కూడా నన్ను చూసి కుమిలిందా? జాలిపడాల్సింది. కాని అమీర్‌పేట దాకా నా లోపల చల్లగా, హాయిగానే ఉంది.

ఈ ఏడు తను అదే ఐటీఐలో చేరింది. చేర్పించడానికి నేనే తోడు పోయాను. మొన్న సార్ ఫోన్ చేసి, "మీ చెల్లెను ఐటీఐల పోటీలకు పంపుతున్నం" అన్నారు. నన్ను ఎన్నడూ పంపలేదు.

సాయంత్రం తను నా దగ్గరికి వచ్చి, "భయమేస్తోందక్కా, నువ్వు తోడు రావా?" అంది.

"ఫికర్ చేయకు, వస్త" అన్నాను.

ఫ్యాక్టరీలో సెలవు కూడా అడిగాను. తను గెలవాలనే ఉంది నాకు. మొదటి బహుమతి కాకుండా రెండోది వస్తే బాగుండునని కూడా ఉంది.