లైను కనబడితే నిలబడే జంగయ్య

మా మిర్యాలగూడ బియ్యం మిల్లులో తూకం కాంటా దగ్గర పనిచేసి రిటైరైన జంగయ్యకు లైను కనబడితే చాలు, వెళ్లి నిలబడతాడు. అది దేనికన్నది ఆయనకు అనవసరం. ఎరువుల లైనైతే చెప్పులు విడిచి వరుసలో పెట్టి, ఎదురుగా చాయ్ తాగుతూ వాటికి కాపలా కాస్తాడు. ఆయనకు గుంటెడు పొలం లేదు.

"జంగన్నా, నీకు యూరియా ఎందుకే?" అని అడిగాను ఒకసారి.

"నాకెందుకు? లైన్ మంచిగున్నది."

రైల్వే స్టేషన్‌లో కిటికీ దాకా వెళ్లాక క్లర్కు "ఏ ఊరికి?" అంటే, వెనక్కి తిరిగి "అమ్మా, నువ్వే ఊరికి పోతవ్?" అని ఎవరో ముసలామెను ముందుకు తోశాడట. ఆయన భార్య లింగమ్మ నా దగ్గర మొత్తుకుంది. "రేషన్ లైన్ల రెండు గంటలు నిలబడ్డడు. సంచి గూడ తీస్కపోలే."

ఈ మధ్య పదిహేను రోజులకోసారి ఫస్ట్ బస్సుకు సూర్యాపేట పోతున్నాడు. అక్కడొక దవాఖానలో ఇన్సూరెన్స్ కిటికీ ముందు లైను బాగుంటుందట. జంగయ్య కదా, నమ్మేశాను.

మొన్న మిల్లు కూలీల ఇన్సూరెన్స్ కాగితాలతో నేనూ అదే దవాఖానకు పోవలసి వచ్చింది. లైనులో అందరికంటే ముందు జంగయ్య చెప్పులున్నాయి. కిటికీ తెరిచే వేళకు మా హమాలీ సేవ్యా చెమటలు కక్కుతూ వచ్చి ఆ చెప్పుల చోట నిలబడ్డాడు. నన్ను చూసి తల దించుకున్నాడు.

జంగయ్య నన్ను పక్కకు లాగి చెప్పాడు. బస్తాలు మోసి నడుము పట్టేస్తే సేవ్యా నొప్పి మాత్రలు మింగాడు. నొప్పి పోయింది, మాత్రలు మాత్రం వదల్లేదు. రోజూ నాలుక కింద పెట్టుకునే మందు డాక్టరు రాశాకే మనిషయ్యాడు. రెండు రోజులు అది ఆగితే వణుకు, ఒళ్లునొప్పులు, మళ్లీ ఆ పాత మాత్రలే. ఇన్సూరెన్స్ వాళ్లు ముందు "అలవాట్లకు పాలసీ వర్తించదు" అన్నారు. డాక్టరు కొట్లాడితే పదిహేను రోజులకోసారి కొత్తగా అనుమతి తీసుకోమన్నారు. కాలు విరిగినవాణ్ని ఇలాగే పిలిచి, ఇంకా విరిగే ఉందా అని అడుగుతారా? నాకు ఒళ్లు మండింది. రోజుకు ఇరవై టోకెన్లే. లారీ లోడు చేసి వచ్చేసరికి సేవ్యాకు ఒక్కటీ మిగలదు.

"నాకెందుకు చెప్పలేదే?"

"నీకు చెప్తే మిల్లంత ఎరుకైతది. పోరనికి సిగ్గు. నేను లైన్ల పిచ్చోన్ని గద, ఎందుకు పోతున్నవని ఎవ్వరడగరు."

ఇంతలో కిటికీలోని అమ్మాయి పిలిచింది. డాక్టరు రాసిన మూడో ఉత్తరం పనిచేసింది. "ఇగ ఆర్నెల్లకోసారి వస్తే సాలన్నా," అంది సేవ్యాతో.

సేవ్యా అక్కడే ఆ రోజు మందు నాలుక కింద పెట్టుకున్నాడు. జంగయ్య ఆ అనుమతి కాగితం నాతో రెండుసార్లు చదివించుకున్నాడు, కళ్లు తుడుచుకున్నాడు. తర్వాత మొహం వేలాడేశాడు.

"ఆర్నెల్లా? మరి గప్పటిదాంక నేనేం జెయ్యాలె, సేవ్యా?"

మందు కరిగేదాకా మాట్లాడకూడదని డాక్టరు మాట. సేవ్యా మూతి బిగించుకుని, భుజాలు ఊగేలా నవ్వుతూ, జంగయ్య చెయ్యి పట్టుకుని బస్టాండు వైపు తీసుకుపోయాడు.