బొట్టు పెట్టిన శాంపిల్

కూర్చో అమ్మీ. ఆ ఫోను పక్కన పెట్టి సరిగ్గా కూర్చొని విను. నువ్వు ఇప్పుడు చదువుతాండే సబ్జెక్టు సంగతే చెప్తాండా. నేను చెప్పింది చెప్పినట్లే రాయి, నీ సొంత తెలివి మధ్యలో దూర్చొద్దు.

పంతొమ్మిది వందల తొంభై నాలుగు. బళ్ళారిలో ఒక డిగ్రీ కాలేజీలో బీబీఎం పిల్లలకు ఇంటర్నేషనల్ బిజినెస్ చెప్పేదాన్ని. బీబీఎం అంటే మీ బీబీఏ లాంటిదేలే. ఆ పిల్లల్లో చాలామంది సముద్రమే చూడలేదు. నేను మాత్రం చూశానా? పుస్తకంలోని ఓడలకే సరుకు ఎక్కించి, పుస్తకంలోనే దించేదాన్ని.

చివరి సంవత్సరంలో ప్రతి ఒక్కరూ ఒక ప్రాజెక్టు చేయాలి. ఏదో ఒక వ్యాపారాన్ని దగ్గరగా చూసి, దాని గురించి చెప్పాలి. నాగవేణి అనే పిల్ల, "మేడమ్, మా ఇంటి జీన్స్‌నే ఫారిన్‌కు పంపే ప్రాజెక్టు చేస్తా" అంది. వాళ్ళ నాయన ఓబులేసప్ప సత్యనారాయణపేటలో ఇంటి ముందు గదిలో మిషన్లు వేసుకొని జీన్స్ కుట్టించేవాడు. బళ్ళారి జీన్స్ దేశమంతా పోయేవి కానీ, ఆయన సరుకు దేశం దాటింది లేదు. నాగవేణి బొంబాయి ఏజెంటు ఒకాయన వెంటపడి, జర్మనీలో ఒక షాపాయనకు ఆశ పుట్టించింది.

ఆ పిల్లకు ఎంబీఏ చదవాలని ఉండేది. ఓబులేసప్ప ఒకటే మాట అన్నాడు: "ఈ ఆర్డరు కుదిరితే నీ చదువు నిజమని ఒప్పుకుంటా, ఎంబీఏకు పంపుతా. కుదరకపోతే సుమ్నె, నోరు మూసుకొని మిషను మీద కూర్చో."

ముందు అప్రూవల్ శాంపిల్ పంపాలి. అంటే ఒక్క పీసు పంపిస్తే, కొనేవాడు చూసి సరేనంటాడు. తర్వాత సరుకంతా అచ్చం దానిలాగే ఉండాలి. నాగవేణి దగ్గరుండి కుట్టించి, కొరియర్లో పంపింది.

కొన్నాళ్ళకు స్టాఫ్ రూముకు వచ్చి నిలబడింది.

"రిజెక్ట్ చేసినారు మేడమ్. లోపల జేబుగుడ్డ మీద ఎర్ర మరక ఉండాదంట. రంగు దిగే బట్ట మాకొద్దు అన్నారంట."

"నీలం ప్యాంటులో ఎర్రరంగు యాడ్నుంచి వచ్చింది?"

"అదే తెలీడం లేదు మేడమ్."

నాకు ఇంక క్లాసులో మనసు నిలవలేదు. ఆ సాయంత్రమే వాళ్ళింటికి పోయాను. దారాలు చూశాను, బటన్లు చూశాను, బట్టను తడిపి రుద్ది చూశాను. ఎరుపన్నదే లేదు. అంతలో ఒక కొత్త మాడల్ కుట్టడం అయింది. ఓబులేసప్ప దాన్ని చేతిలోకి తీసుకొని, దేవుని పటం కింద ఉన్న భరణిలోంచి వేలితో కుంకుమ తీసి, జేబు లోపలి తెల్లగుడ్డ మీద ఒక బొట్టు పెట్టాడు.

"ఇదేందప్పా?"

"మొదటి పీసు కదా మేడమ్. బొట్టు లేకుండా గడప దాటనియ్యం. మా నాయన కాలం నుంచీ ఇంతే."

నేనూ నాగవేణీ ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. పుట్టినప్పటి నుంచీ చూస్తున్న బొట్టు కదా, ఆ పిల్ల కంటికి అది ఆనలేదు!

సంగతి చెబితే ఓబులేసప్పకు కోపం వచ్చింది. "బొట్టును మరక అంటాడా? అంత కండ్లు కనపడనోనికి నా సరుకే బేడ, వద్దంటే వద్దు!"

"నాయనా, వాళ్ళు మనకు పంపే కొత్త చొక్కా లోపల ఏదో పచ్చగా పూసి, ఇది మా దేవునిది అంటే నువ్వేమంటావ్?" అంది నాగవేణి.

"తుడుచుకొని రమ్మంటా."

అనేసి, తనన్న మాట తనకే తగిలి నవ్వేశాడు.

కొరియర్లో పాడైందని చెప్పేయమని ఏజెంటు సలహా ఇచ్చాడంట. నాగవేణి ఒప్పుకోలేదు. "ఇంకో పీసు మీద కూడా నాయన బొట్టు పెడితే అప్పుడేం చెప్పాల మేడమ్?" అంది. మరుసటి రోజు ఎస్టీడీ బూత్ నుంచి ఏజెంటుకు ఫోన్ చేసి, జర్మనీ ఆయనకు ఉన్నదున్నట్టే చెప్పమంది. జర్మనీ ఆయన దగ్గర్నుంచి జవాబు వచ్చింది: సంతోషం, బొట్టు లేని పీసు ఒకటి పంపండి, చూస్తాను.

ఇప్పుడు అసలు చిక్కు. ఓబులేసప్ప చేతులు కట్టుకొని కూర్చున్నాడు. "బొట్టు లేకుండా ఎట్లమ్మా పంపేది? దారిలో ఏమన్నా అయితే?"

నాగవేణి కుంకుమ భరణి తెచ్చి నాయన చేతికిచ్చింది. "దారిలో పోయేది బండి కదా నాయనా. బండికి పెట్టు."

పెద్దాయన దానికి తలూపాడు. శుభ్రమైన శాంపిల్ పోయింది, ఓకే అయింది. సరుకు మద్రాసు హార్బరుకు బయల్దేరే రోజు నన్నూ పిలిచారు. లారీకి ముందూ వెనకా, తలుపులకు, చివరకు డ్రైవరు నుదుటి మీద కూడా ఓబులేసప్ప కుంకుమ పెట్టేశాడు. "ఇంక చాలప్పా, లారీనే ఎర్రగైపాయ!" అని డ్రైవరు మొత్తుకున్నాడు. నాగవేణి ఎంబీఏకు పోయింది.

మా పుస్తకంలో కల్చర్ అని ఒక చాప్టరు ఉండేది. విదేశీయుల వింత అలవాట్లన్నీ అందులో ఉంటాయి. ఆ మరుసటి ఏడాది ఆ పాఠం మొదలుపెట్టే ముందు, పుస్తకం మూసి పిల్లల్ని అడిగాను: మీ ఇంట్లో రోజూ జరిగేది ఏదైనా, బయటివాడికి వింతగా ఉండేది ఒకటి చెప్పండి. ఏముంది మేడమ్, మా ఇంట్లో అంతా మామూలే అన్నారు. అప్పుడు చెప్పాను అమ్మీ, రాసుకో: ఫారినోళ్ళంటే యాడో ఉండారనుకుంటాం గానీ, వాళ్ళ తట్టు నుంచి చూస్తే మనమే...

"అత్తా! రొట్టె చల్లారిపోతాంది, ముందు తిందురు రాండి!"

మీ అమ్మ పిలుస్తాంది. వస్తాండా, వస్తాండా...