అత్త ఏడ్చింది, నేను చూశాను

నిన్నటి వానకు తడిసిన నల్ల కంబళిని మా కోడలు తెచ్చి అరుగు మీద ఆరేసింది. ఆ తడి గొర్రెబొచ్చు వాసన తగలగానే నాకు ఒళ్ళు మండిపోయింది. "తీసెయ్యి దాన్ని!" అని అరిచాను. కోడలు బిత్తరపోయింది. పాపం, ఆమెకేం తెలుసు? కంబం పక్కన మా ఊళ్ళో కులపంచాయితీ అంటే కంబళి పరిచి, మధ్యలో నీళ్ళ చెంబు పెట్టి, ప్రమాణంగా దాన్ని పట్టుకొని మాట్లాడమనేవారు. కుంఫిణీ పోయి రాణిగారి పాలన వచ్చినా ఆ పద్ధతి పోలేదు. ఆ కంబళి మీద మా నాగమ్మత్తకు జరిగిన అన్యాయం నాకు ఈ వయసులోనూ మింగుడుపడదు.

నాగమ్మత్త మా నాన్నకు అక్క. భర్త పోయాక ఇద్దరు బిడ్డలతో పుట్టింటికి వచ్చి, తల్లి లేని నన్ను కూడా పెంచింది. సేద్యం నేర్పింది ఆమే. "కొమ్ములు చూసి మురిసిపోవద్దురా. కాడి కింద మెడ చూడు, పుండు ఆడ ఉంటాది" అనేది. నేటికీ ఎద్దును కొనేటప్పుడు నా చెయ్యి ముందు మెడ మీదికే పోతుంది.

ముప్పై దాటాక ఆమెకు ఎవరికీ వినపడని గొంతులు వినపడసాగాయి. చేలో నిలబడి వాటికి జవాబు చెప్పేది. దయ్యం పట్టిందని మావాళ్ళు వేపమండలతో కొట్టించారు. ఆమె అసలు కష్టం వాళ్ళకు పట్టలేదు. సంతోషమైనా దుఃఖమైనా వచ్చినప్పుడు అత్తకు అందరికన్నా గట్టిగానే వచ్చేది. కొన్నాళ్ళు పోతే, జరిగిన సంగతి గుర్తుండేది గాని, అప్పటి సంతోషమూ బాధా గుర్తుండేవి కావు. కొడుకు జ్వరంతో పోయిన రోజు నా భుజం కొరికి మరీ ఏడ్చింది. రెండు నెలల తర్వాత పరామర్శకు వచ్చిన బంధువుతో మాత్రం, "బిడ్డ పాయె. మంగళవారం. ఎండగా ఉండె" అంది, అంతే. "ఇది తల్లా, రాయా?" అందా మహాతల్లి. ఆ మాట ఊరంతా పాకింది.

ఆ మాట పట్టుకొనే ఆమె అత్తింటివాళ్ళు, మిగిలిన కూతురు రంగమ్మను తమకిమ్మని పంచాయితీ పెట్టించారు. కంబళి మీద కూర్చొని, చనిపోయిన బిడ్డ పేరెత్తితే నిజమైన తల్లికి కన్నీరు ఆగదని మావాళ్ళ నమ్మకం. ఎంత తెలివి!

"కొడుకు పోయిన దినం నీ మనసు ఎట్లుండె నాగమ్మా? చెంబు పట్టి చెప్పు" అన్నాడు కులపెద్ద.

అత్త చెంబు పట్టుకుంది. "గ్యాపకం లేదు సామీ. అబద్ధం ఎట్ల చెప్పేది?"

ఒక్క దొంగేడుపు ఏడ్చి ఉంటే బిడ్డ దక్కేది. నిజం చెప్పినందుకు పోయింది. అప్పుడు నాకు ఇరవై ఏళ్ళు. మీసం ఉంది గాని నోరు లేదు. పెద్దలు అడగనిదే మాట్లాడకూడదట! భుజం మీద ఆమె పంటిగాటు ఉండగానే తలొంచుకొని నిలబడ్డాను.

తర్వాత ఏడాదికోసారి రంగమ్మను తెచ్చి చూపించేవారు. అత్త పిల్లను ఎత్తుకొని గిరగిరా తిరిగేది. వారం గడిస్తే, "వచ్చె. సంగటి తినె. పాయె" అనేది.

"నువ్వు నవ్వితివత్తా. నవ్వి నవ్వి ఎక్కిళ్ళు వచ్చె నీకు."

"నవ్వితినా? ఇంకోసారి చెప్పురా."

ఎన్నిసార్లు అడిగితే అన్నిసార్లు చెప్పేవాణ్ణి. ఆమె నవ్వులూ ఏడుపులూ నేనే గుర్తుపెట్టుకున్నాను. ఇప్పటికీ ఒక్కటీ మరిచిపోలేదు.

అత్త పోయిన పదో రోజున రంగమ్మ వచ్చింది. అప్పటికి ముగ్గురు పిల్లల తల్లి. "అమ్మకు నా మీద పాసం ఉండెనా బావా? మీ అమ్మ రాయి అని చెప్పే పెంచినారు నన్ను" అంది. నాకు తెలిసినదంతా, ఒక్క పూట కూడా వదలకుండా చెప్పాను. విని వెక్కివెక్కి ఏడ్చింది. తర్వాత కళ్ళు తుడుచుకొని నా మొహంలోకి చూసింది.

"ఇదంతా ఆ దినం పెద్దల ముందర ఏల చెప్పలేదు బావా?"

ఆ పెద్దలు ఒక్కొక్కరే పోయారు. వాళ్ళను తిట్టుకుంటూ ఇన్నేళ్ళు బతికాను. రంగమ్మకు మాత్రం ఈనాటికీ జవాబు చెప్పలేదు.