కాఫీ గింజలకు తీర్థం

మా ఏలూరు గాలి సంగతి తెలియనివాళ్ళకు ముందు అది చెప్పాలి. ఇక్కడ డబ్బాలో ఉప్పు నీరు కారుతుంది. ప్యాకెట్ విప్పిన పూటే అప్పడాలు మెత్తబడతాయి. ఆరేసిన తువ్వాలు ఆరిందో లేదో బుగ్గకు ఆనించి చూసుకుంటే గానీ తెలియదు. కొల్లేటి మీంచి వచ్చే తేమ అలాంటిది. ఇలాంటి ఊళ్ళో నా కాఫీ గ్రైండర్ లోంచి పొడి తనంతట తాను గాల్లోకి ఎగిరి గోడలకు అంటుకుంటోందంటే ఎవరు నమ్ముతారు? మా రైల్లో ఒక్కరూ నమ్మలేదు. రోజూ నాతో తాడేపల్లిగూడెం వచ్చి వెళ్ళే తోటి ఉద్యోగులు ఆ వేసవంతా నన్ను గుడ్ మార్నింగ్ అనడం మానేసి, "ఏవండీ, ఇవాళ ఎగిరిందా?" అని పలకరించారు. ఎగిరిందండీ బాబూ, ఎగిరింది. ఎగరకేం చేస్తుంది?

ఆ గ్రైండర్ కొన్నది మా అక్క కోసం. "వదినగారి పేరు చెప్పి మీ సరదా తీర్చుకున్నారు" అంటుంది మా ఆవిడ. అందులో కొంత నిజం లేకపోలేదు. కానీ కారణం మాత్రం అక్కే.

అక్క ఉండేది గణపవరంలో. బావగారికి కొంత వరి, కొంత చేపల చెరువులు. కరోనా వచ్చి తగ్గింది గానీ, పోతూ పోతూ ఆవిడ ముక్కుకున్న వాసన కాస్తా పట్టుకుపోయింది. మల్లెపూలు తెలియవు, మాడిన పోపు తెలియదు. "చెరువుల పక్కన కాపురం ఉండేవాళ్ళకి ఇది వరవయ్యా" అని బావగారు జోకులేస్తే, అక్క అందరికంటే ముందు నవ్వేది. ఒకరోజు వంటింట్లో గ్యాస్ లీకవుతుంటే పక్కింటావిడ గోడవతల నుంచి అరిచేదాకా ఆవిడకు తెలియలేదు. అది కూడా నవ్వుతూనే చెప్పింది. చెప్పి, మంచినీళ్ళు తెస్తానని లోపలికి వెళ్ళి ఎంతకీ రాలేదు. వెళ్ళి చూస్తే కుండ దగ్గర నిలబడి ఏడుస్తోంది.

ఘాటైన వాసనలు రోజూ పీల్చమని డాక్టరు చెప్పారట. లవంగాలు, నిమ్మతొక్క, యూకలిప్టస్ నూనె అన్నీ అయ్యాయి. "ఒరేయ్, కాఫీ వాసన ఒక్కటి తిరిగొస్తే చాలురా. మిగతావి పోతే పోనీ" అంది అక్క. మా చిన్నప్పుడు ఇంట్లో గింజలు వేయించి, బల్లకు బిగించిన చేతి మరలో ఆడేది తనే. నేను కింద కూర్చుని, పొడి రాలే గిన్నె పట్టుకునేవాణ్ణి. కాబట్టి కొట్లో దొరికే పొడి పనికిరాదు, గింజలు ఆవిడ ముందే ఆడాలి అని నిర్ణయించాను. గ్రైండర్ సరే, దానితోపాటు ఎస్ప్రెస్సో మెషిన్ కూడా ఎందుకని మాత్రం అడక్కండి.

మొదటిరోజే గ్రైండర్ తన గుణం చూపించింది. కింద కప్పు పెడితే పొడి కప్పులో తప్ప మిగతా అన్నిచోట్లా పడింది. పొట్టు లేచి వెళ్ళి పంచదార సీసాకి అంటుకుంది, పాలగిన్నెలో తేలింది, ఊదితే వచ్చి నా చేతికే అతుక్కుంది. మా ఆవిడ వచ్చి చూసి, "ఇది కాఫీయాండీ, ఆవాల పోపా?" అంది. ఆ వారమే నా సరంజామా వంటింట్లోంచి బహిష్కరణకు గురై, పడగ్గదిలో బీరువా పక్కన తేలింది. ఒకందుకు మంచిదే అనుకున్నాను. అక్కడ ఏసీ ఉంది, గింజలు మెత్తబడవు. కింద తివాచీ కూడా ఉంది. ఎదురింటి సాయిబు గారిది తివాచీలు నేసే కుటుంబం. ఎగుమతికి వెళ్ళి అంచు వంకరని తిరిగొచ్చిన ఉన్ని తివాచీ ఒకటి మాకు ఇచ్చారు.

అక్కడ ఇంకా ముదిరింది. ఏసీ గాలికి గది ఎండు ఆకులా అయిపోయేది. నేను రబ్బరు చెప్పులతో తివాచీ మీద అటూ ఇటూ తిరిగి గ్రైండర్ ముట్టుకుంటే టప్‌మని షాక్. బళ్ళో దువ్వెన తలకు రాసి కాగితం ముక్కలు ఎగరేసేవాళ్ళం చూడండి, ఇప్పుడు ఆ దువ్వెన నేనే. ఉండబట్టలేక సాయిబు గారితో, "మీ తివాచీ షాక్ కొడుతోందండీ" అన్నాను.

ఆయన ముఖం ఎర్రబడింది. "ఎంత మాటన్నారండీ! మా తాతగారి కాడ్నించీ నేస్తన్నామండీ. లండన్ దాకా వెళ్ళాయి, ఒక్కళ్ళూ ఈ మాట అన్లేదు. ముందు మీ కాళ్ళు ఎవరికన్నా చూపించుకోండి" అని చక్కా పోయారు.

అప్పుడు మా ఆవిడ అసలు లోపం కనిపెట్టింది. "కొన్నాక పూజ చేయించలేదండీ దీనికి. స్కూటరుకు చేయించాం, ఫ్రిజ్జుకు కూడా బొట్టు పెట్టాం. దీన్ని మాత్రం అట్టపెట్టెలోంచి తీసి అలాగే వాడేశారు."

నేను వాదించాను. ఓడిపోయాను. ఇద్దరం గ్రైండర్‌తో సహా ద్వారకా తిరుమల వెళ్ళాం. వాహనపూజల దగ్గర మా ముందు కొత్త ట్రాక్టరు, మా వెనక కొత్త బైకు, మధ్యలో చంటిపిల్లాణ్ణి ఎత్తుకున్నట్టు గ్రైండర్ ఎత్తుకుని నేను. దాని వైరు నా మెడలో. ఖాళీ మెషిన్‌కు పూజేంటని మా ఆవిడ దాంట్లో గుప్పెడు గింజలు కూడా పోసింది.

పూజారిగారు దాన్ని అన్ని వైపులా చూశారు. "ఇదేం బండండీ?"

"కాఫీ గ్రైండరండీ."

"ఆయ్. మరి నిమ్మకాయలు చక్రాల కింద పెట్టాలి కదండీ. దీనికి చక్రాలేవండీ?"

"లోపల తిరుగుతాయండీ" అంది మా ఆవిడ తడుముకోకుండా.

ఆయనకు అది సబబుగానే తోచింది. పసుపు రాసి, బొట్లు పెట్టి, మామిడాకుతో తీర్థం చల్లారు. మూత తెరిచి ఉంది కాబట్టి లోపల గింజల మీద కూడా పడింది. వెనకాల బైకు వాళ్ళు మాకు దండం పెట్టారో, నవ్వారో నేను చూడలేదు.

ఇంటికొచ్చి ఆన్ చేశాను. ఒక్క రేణువు పక్కకు పోలేదు. పొడి బుద్ధిగా కప్పులో కుప్పపడింది. మా ఆవిడ రెండు చేతులూ జోడించింది. నేను ఫోన్ తీసి వెతికితే సంగతి బయటపడింది. గింజల మీద చుక్క నీళ్ళు చల్లితే చాలు, ఆ ఎగరడం ఆగిపోతుందట. ప్రపంచమంతా అదే చేస్తున్నారట.

"నీళ్ళే, దేవుడు కాదు" అన్నాను గెలిచినట్టు.

"ఆ నీళ్ళు చల్లించింది ఎవరండీ?" అంది.

ఆ రోజు నుంచీ రాగి గిన్నెలో తీర్థం పెట్టుకుని, నేను గింజలు పోయగానే వేలు ముంచి తనే చల్లేది. తను చల్లందే నేను స్విచ్ వెయ్యకూడదు.

పొడి ఎగరడం ఆగింది గానీ సర్దడం మిగిలింది. ఎస్ప్రెస్సో మెషిన్‌కు తగిలించే పిడి గిన్నెలో పోస్తే అది ఒక పక్కకు దిబ్బలా పడుతుంది. అలాగే మెషిన్‌కు పెడితే వేడినీళ్ళు పల్చగా ఉన్నచోట గండి కొట్టుకుని పోతాయి, కాఫీ నీళ్ళచారవుతుంది. అందుకని సీసా బిరడాకు సన్నటి సూదులు గుచ్చి, వాటితో పొడి కెలికి చదును చేయడం నేర్చుకున్నాను. సూదులు మా ఆవిడ కుట్టుపెట్టెలోవి. ఆ గొడవ వేరు.

అంతా కుదిరిందనుకున్నాక అక్కను పిలిచాను. అక్కా బావగారూ ఆదివారం పొద్దున్నే దిగారు. అక్క మెరుపుల ఫ్యాన్సీ చీర కట్టుకుంది. పడగ్గదిలో మంచం మీద కూర్చోబెట్టి, వాసన బయటకు పోకుండా తలుపులు వేశాను. మా ఆవిడ తీర్థం కథంతా చెప్పి, చల్లి చూపించింది. గ్రైండర్ తిరిగింది. రేణువు కదల్లేదు. నేను సూదులతో కెలుకుతుంటే బావగారు తొంగిచూసి, "ఏంటయ్యా, పొలం దమ్ము చేస్తన్నావా? ఊడుపులెప్పుడు?" అన్నారు.

మెషిన్‌కు పెట్టే ముందు ఆ గిన్నె అక్క ముక్కు దగ్గర పట్టుకున్నాను. కళ్ళు మూసుకుని గుండెలనిండా పీల్చింది. మేం ముగ్గురం ఊపిరి బిగబట్టి ఆవిడ మొహమే చూస్తున్నాం.

"బాగుందిరా" అంది.

ఆ గొంతు నాకు తెలుసు. చిన్నప్పుడు నేను గీసిన ఏనుగును చూసి కూడా అలాగే బాగుందిరా అంది.

"వాసన వచ్చిందా అక్కా?"

"లేదురా" అంది నెమ్మదిగా. "వేడిగా ఇవ్వు, తాగుతాను. నువ్వు చేసింది కదా."

నాకు ఎవరి మీద కోపమొచ్చిందో తెలియదు. గ్రైండర్ మీద, కరోనా మీద, అందరి మీదా. అక్కకు కప్పు ఇచ్చి, బావగారికి చేద్దామని మళ్ళీ గింజలు పోశాను. మా ఆవిడ పూతరేకులు తేవడానికి వంటింట్లోకి వెళ్ళింది. తీర్థం మాట నాకు గుర్తులేదు. కళ్ళు మసకబారి ఉన్నాయి. స్విచ్ వేసి, ఆడడం అయ్యాక తివాచీ మీద కాళ్ళీడ్చుకుంటూ వెళ్ళి పొడి పడిన కప్పు పట్టుకున్నాను. టప్‌మంది. చెయ్యి విదిలించాను. కప్పు ఎగిరి నేరుగా అక్క ఒళ్ళో బోర్లాపడింది.

"తీర్థం చల్లలేదా?" అని మా ఆవిడ పళ్ళెంతో సహా పరుగెత్తుకొచ్చింది. చీర దులిపింది. దులిపేకొద్దీ పొడి ఆ ఫ్యాన్సీ చీరకు ఇంకా పాకింది. ఒక పక్క దులిపితే లేచి వెళ్ళి ఇంకో పక్క అంటుకుంది. "నూర్పిడి మిషను ముందు నించున్నట్టుంది కదవే" అని బావగారు పగలబడి నవ్వారు. అక్క కూడా నవ్వింది. నాకు మాత్రం ఆ గ్రైండర్‌ను తీసుకెళ్ళి కొల్లేట్లో పారెయ్యాలనిపించింది. సాయంత్రం అక్క మచ్చల చీరతోనే బస్సెక్కింది.

మర్నాడు పొద్దున రైలు ఏలూరు దాటగానే ఫోన్ మోగింది. అక్క. మాట్లాడట్లేదు, వెక్కుతోంది.

"ఏమైందక్కా? బావగారు బాగున్నారా?"

"ఉతుకుదామని నిన్నటి చీర తీశానురా. చెమట పట్టిందని ఆ కొంగుతోనే మొహం తుడుచుకున్నాను. ఒరేయ్, కాఫీరా! మన మర కాఫీ వాసనరా!"

"ఇంకేమన్నా తెలుస్తోందా?"

"ఏం తెలీట్లేదు. చేపలు కూడా తెలీట్లేదు. ఇదొక్కటే."

వెనక నుంచి బావగారి కేక వినిపించింది. "మీ అక్క ఆ చీర ఉతకనివ్వట్లేదయ్యా, కొంగు ముక్కు మీంచి తియ్యట్లేదు!"

"నువ్వు ఆయన మాట వినకు" అంది అక్క. "మళ్ళీ ఆదివారం వస్తాను. ఈ చీరే కట్టుకొస్తాను. మీ ఆవిడతో చెప్పు, కోప్పడొద్దని చెప్పు. ఈసారి గింజలకి తీర్థం చల్లొద్దురా."

ఫోన్ జేబులో పెట్టుకునేసరికి నా మొహమంతా తడిసిపోయి ఉంది. ఎదుటి సీట్లో ఆయన కంగారుగా ముందుకు వంగి, "అయ్యో, ఏమైందండీ? మళ్ళీ ఎగిరిందా ఏంటండీ?" అన్నారు.

"ఎగిరిందండీ" అన్నాను.