తాతయ్య కట్టుకున్న డబ్బా

నా చిన్నప్పుడు మా ఊళ్లో ఈత రాని మగమనిషి ఉంటాడని ఎవరికీ కలలో కూడా తోచేది కాదు. నర్సంపేటకు రెండు కోసుల దూరంలో ఉండే ఊరు మాది. పొలమున్న ప్రతి ఇంటికీ ఒక బావి, ఎండాకాలం వచ్చిందంటే ఆ బావి నిండా పిల్లలు. మూత బిగించిన ఖాళీ నూనె డబ్బాను వీపుకు కట్టి, పెద్దవాళ్లు పిల్లల్ని నీళ్లలోకి తోసేవారు. నాలుగు రోజులు నీళ్లు మింగి, ఏడ్చి, ఐదో రోజుకో పదో రోజుకో డబ్బా విప్పి పారేసేవాళ్లు. మా ఇంట్లో ఆడపిల్లలకూ ఇదే మర్యాద. నేనొక్కదాన్నే ఒక ఏడు జలుబని, ఒక ఏడు చెవిపోటని తప్పించుకుంటూ వచ్చాను. వంకలు చెప్పడంలో నన్ను మించినవాళ్లు అప్పట్లో లేరు.

మా తాతయ్య మాత్రం ఎప్పుడూ గట్టు మీదే ఉండేవాడు. పంచె ఎగ్గట్టి, భుజాన తువాలు వేసుకుని, చేతిలో తాడు పట్టుకుని, కాళ్లు ఆడించమనీ తల ఎత్తమనీ పిల్లల మీద కేకలు వేసేవాడు. ఆ కేకలు వింటే, ఇంతటి ఈతగాడు చుట్టుపక్కల నాలుగూళ్లలో ఉండడనిపించేది. ఆయన గట్టు మీదుంటే తల్లులు నిశ్చింతగా ఇంట్లో పనులు చేసుకునేవారు.

నాకు తొమ్మిదేళ్లప్పుడు, ఎండాకాలం సెలవుల్లో ఒక మధ్యాహ్నం, మామిడికాయ కడుక్కుందామని మా బావి మెట్లు దిగాను. పాకుడు పట్టిన మెట్టు మీద కాలు జారింది. నాకు గుర్తున్నదల్లా పచ్చటి నీళ్లు, పైన ఎండలో గట్టు మీద నిలబడిన మా తాతయ్య. ఆయన విసిరిన తాడు నా పక్కనే పడింది. దాన్ని పట్టుకోవాలన్న తెలివి నాకెక్కడిది? ఆయన అరుస్తున్నాడు, అటూ ఇటూ పరుగెడుతున్నాడు, దూకడం లేదు. పక్క పొలంలో నువ్వులు కోస్తున్న మా పక్కింటి వదిన ఆ అరుపు విని కొడవలి పారేసి వచ్చి దూకింది. పాలంపేటలో చెరువు పక్కన పుట్టి పెరిగిన మనిషి ఆమె. నన్ను జుట్టు పట్టుకుని పైకి లాగింది.

ఆ సాయంత్రం ఇల్లంతా జనం. పెద్దాయన దూకలేదేమని ఎవరో అడగబోతే, ముసలి ప్రాణం, బిడ్డను అట్లా చూసేసరికి కాళ్లూ చేతులూ ఆడలేదని మా నాయనమ్మ సర్దిచెప్పింది. అందరూ ఔనన్నారు. అందరూ వెళ్లిపోయాక తాతయ్య నా మంచం పక్కన కూర్చుని పాలలో రొట్టె ముంచి తినిపిస్తున్నాడు. చిన్నదాన్ని, మనసులో ఏదీ దాచుకునే వయసు కాదు.

"తాతా, నువ్వెందుకు దుంకలే?" అని అడిగాను.

ఆయన చేతిలో రొట్టె ముక్క పాలలో నాని విరిగి పడిపోయింది.

"నాకు ఈత రాదు బిడ్డా" అన్నాడు.

నేను పకపకా నవ్వాను. నన్ను నవ్వించడానికే అన్నాడనుకున్నాను మరి. అబద్ధాలాడకు తాతా అని ఆయన తొడ మీద గిల్లాను కూడా. ఆయన ఇంకో ముక్క ముంచి నా నోట్లో పెట్టాడు.

మర్నాడు పొద్దున తాతయ్య అటక మీది పాత డబ్బా దింపి, తాడుతో తన వీపుకు తానే కట్టుకున్నాడు. మీసాలు నెరిసిన మనిషి, పంచాయతీల్లో నలుగురూ మాట వినే మనిషి, వీపు మీద డబ్బాతో వీధి పొడవునా నడిచి బావికి పోతుంటే జనం పనులు మానుకుని వెంట వచ్చారు. నవ్వలేక చచ్చారంటే నమ్మండి. పిల్లకు బావి అంటే బెదురు పట్టుకుంది, అది పోగొట్టడానికి ముసలాయన నాటకమాడుతున్నాడని మా నాయనమ్మ అందరికీ చెప్పింది. ఊరు నమ్మింది, నేనూ నమ్మాను. నా కోసం తాతయ్య ఇంత వేషం కట్టాడని నాకు ఒకటే గర్వం.

నేర్పడానికి వదిన వచ్చింది. పెద్దవాళ్ల ముందు తలెత్తి మాట్లాడని కోడలు, ఆయనకు ఈత నేర్పడమంటే సిగ్గుతో చచ్చిపోయింది. వాళ్లత్త వచ్చి గట్టు మీద కూర్చున్నాకే నీళ్లలోకి దిగింది. తాతయ్య తన నడుముకు తాడు కట్టుకుని, ఆ కొస నా చేతికిచ్చాడు. నన్ను మునగనియ్యకు బిడ్డా అన్నాడు. నా వెనక తాడు అసలు బరువు పట్టుకున్నది వాళ్లత్తేనని నాకు తెలియదు. తాతయ్య ప్రాణం నా చేతిలోనే ఉందనుకుని మెట్టు మీద బిగుసుకుపోయి కూర్చున్నాను.

ఆయన కళ్లు గట్టిగా మూసుకుని, ఒక చేత్తో మెట్టు పట్టుకుని వదలకుండా అక్కడే కాళ్లు కొట్టుకున్నాడు. నీళ్లు మింగాడు, దగ్గాడు. ఎంత బాగా నటిస్తున్నాడో అనుకున్నాను. రెండు రోజులకు నేనే గట్టు మీది తాతయ్యనైపోయి, కాళ్లు ఆడించమనీ తల ఎత్తమనీ కేకలు మొదలుపెట్టాను. ఐదో రోజు ఆ కాళ్లు అట్లా కాదు తాతా, చూడు అంటూ నాకు తెలియకుండానే నడుముదాకా నీళ్లలో దిగి ఉన్నాను. నాకూ ఒక డబ్బా కట్టారు. నాది వారంలో ఊడింది. ఆయనకు మిరుగం కార్తె, తొలకరి వానలు దగ్గరపడేదాకా పట్టింది. డబ్బా లేకుండా ఆ దరి నుంచి ఈ దరికి వచ్చిన రోజు, మెట్టు మీద కూర్చుని తువాలుతో మొహం తుడుచుకున్నాడు. చాలాసేపు తుడుచుకున్నాడు.

తర్వాత పదకొండేళ్లకు ఆయన పోయాడు. నేనప్పుడు హన్మకొండలో ఉండి టీచరు ట్రైనింగు చదువుతున్నాను. కర్మ రోజున పొయ్యి దగ్గర కూరగాయలు తరుగుతూ, మా తాతయ్య నా కోసం ఆడిన నాటకం గురించి వదినతో గొప్పగా చెప్పుకొచ్చాను. ఆమె కత్తిపీట మీద చెయ్యి ఆపేసింది.

"నాటకం ఎక్కడిదే" అంది. "నువ్వు పడ్డ నాడు రాత్రి మీ తాత మా ఇంటికి వచ్చిండు. మా అత్త ముంగట నిలబడి అడిగిండు. ఇన్నేండ్ల సంది గట్టు మీద నిలబడి ఒర్రిన, నా మనుమరాలు మునుగుతాంటే గూడ గట్టు మీదనే నిలబడ్డ, ఇగ నిలబడ, నేర్పు బిడ్డా అన్నడు. ఆ మెట్టు మీది చెయ్యి ఇడిశిపెట్టనీకే ఆయనకు మూడు దినాలు పట్టింది."

నేను లేచి పెరట్లోకి పోయి ఏడ్చాను. ఆయన పోయినందుకు ఎంత ఏడ్చానో, అంతకన్నా ఎక్కువే ఏడ్చాను. ఒక మనిషి తన బతుకంతా దాచుకున్న సిగ్గును తొమ్మిదేళ్ల పిల్ల ముందు విప్పి చెబితే, ఆ పిల్ల తొడ గిల్లి నవ్వింది. ఆయన కోపం తెచ్చుకోలేదు, నాటకమన్న మాట చాటున ఊరట కూడా వెతుక్కోలేదు. పొద్దున్నే లేచి డబ్బా కట్టుకున్నాడు, అంతే.

బడిలో పిల్లలు నాకు తెలియనిది అడిగినప్పుడల్లా తెలియదని చెప్పి, నేర్చుకుని రేపు చెబుతాననడం నేను అక్కడే నేర్చుకున్నాను. కానీ నాలోనూ గట్టు మీద మనిషి ఒకరు ఉండనే ఉన్నారు. మా వాకిట్లో కారు వచ్చి పదేళ్లైంది. మా ఆయన నడిపేవారు, నేను పక్కన కూర్చుని ఎడమకు తిప్పండి, మెల్లగా పోనివ్వండి అని చెప్పేదాన్ని. కిందటేడు ఒక పొద్దున ఆయనకు గుండె పట్టేసింది. కారు ఎదురుగానే ఉంది, తాళాలు నా చేతిలోనే ఉన్నాయి. నేను గేటు దగ్గర నిలబడి ఆటో కోసం అరిచాను. దేవుడి దయ వల్ల ఆటో దొరికింది, ఆయన బతికి బట్టకట్టారు.

ఆయన దవాఖాన నుంచి ఇంటికొచ్చిన వారానికి నేను డ్రైవింగు స్కూలుకు పోయాను. అరవై ఏళ్ల దానికి ఇప్పుడెందుకని మా చెల్లెలు ఫోనులో నవ్వింది. కారు వెనక అంటించిన ఎర్రటి ఎల్ బోర్డు చూస్తే నాకు తాతయ్య వీపు మీది డబ్బా గుర్తొచ్చింది. నేర్పే అమ్మాయికి ఇరవై రెండేళ్లుంటాయి, నా దగ్గర మొదట్లో చదువుకున్న పిల్లలకన్నా చాలా చిన్నది. కూర్చోగానే అడిగింది.

"మేడమ్, ఇంతకుముందు కొంచెమన్న నడిపిండ్రా?"

ముప్పై ఏళ్లకు పైగా సుద్దముక్క పట్టుకుని నిలబడిన మనిషిని. ఏదో కొంచెం వచ్చులే అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. రోడ్డు పక్కన టీ కొట్టు దగ్గర నలుగురు నావైపే చూస్తున్నారు. నేను బెల్టు లాగి పెట్టుకున్నాను.

"రాదు బిడ్డా" అన్నాను. "నేర్పు."